పాలకేంద్రం యాప్ డైరీ: ఒక వేలు, రెండు కీప్యాడ్లు

నవంబర్ 4

చిత్తూరు కట్టమంచిలో నా అద్దెగదిలోనే ఈ పని మొదలైంది. ఒక చిన్న పాల సంస్థకు చుట్టుపక్కల పల్లెల్లో పాలు పట్టే కేంద్రాలు ఉన్నాయి. అక్కడి సెక్రటరీలు వాడే ఆండ్రాయిడ్ యాప్ నా చేతికి వచ్చింది. యాప్ ఆగిపోవడం లేదు, లెక్క తప్పడం లేదు. "మావాళ్లు ఎంట్రీలు తప్పు కొడతా ఉండారు, వాళ్లకు ట్రైనింగ్ ఇయ్యి" అన్నారు ఆఫీసులో. ట్రైనింగ్ సంగతి తర్వాత, ముందు యాప్ చూస్తానన్నాను.

ఇప్పటికి ముగ్గురి చేతులు మారిన కోడ్ ఇది. మొత్తం 41 స్క్రీన్లు. అన్నిటికీ స్క్రీన్‌షాట్లు తీసి, కలర్ ప్రింట్లు వేయించి, గోడకు వరసగా అతికించాను. ఫోన్‌లో ఒక్కొక్కటే చూస్తే ఏదీ తప్పుగా అనిపించదు. గోడ మీద పక్కపక్కన పెట్టేసరికి ఒకే ఇంట్లో నలుగురు నాలుగు భాషలు మాట్లాడుతున్నట్టుంది. ఎంట్రీని నిలబెట్టే బటన్‌కు ఒకచోట 'సేవ్', ఒకచోట 'భద్రపరచు', ఇంకోచోట 'నమోదు చేయండి', మరోచోట 'సబ్మిట్'. రైతు వివరాల స్క్రీన్‌లో అయితే 'దాచు'. బటన్ కొన్నింట్లో కుడివైపు, కొన్నింట్లో ఎడమవైపు. ఆకుపచ్చలే నాలుగు రకాలు.

నాకు ఇది చిన్న విషయంగా తోచదు. స్క్రీన్ల రూపకల్పన మీద పనిచేసిన పరిశోధకుడు బెన్ ష్నైడర్‌మన్ 1986లో రాసిన ఎనిమిది సూత్రాల్లో మొట్టమొదటిది ఏకరూపతే, అంటే ఒకే పని అన్నిచోట్లా ఒకేలా కనిపించడం. అదే రంగంలోని జేకబ్ నీల్సన్ 1994లో ఖరారు చేసిన పది సూత్రాల్లోనూ దానికి నాలుగో స్థానం. ఒకే పనికి రెండు పేర్లు కనిపిస్తే, ఇవి రెండు వేర్వేరు పనులేమో అని వాడేవాళ్లు ఆగి ఆలోచించాల్సి వస్తుంది. పాలకేంద్రంలో ఆగి ఆలోచించే తీరిక ఎంత ఉంటుందో చూడాలి. ఎల్లుండి తెల్లవారుజామున వెళ్తున్నాను.

నవంబర్ 6

పెనుమూరు పక్క ఒక ఊరు. ఐదున్నరకే రైతులు క్యాన్లతో వరసలో ఉన్నారు. సెక్రటరీ యాభై దాటిన అక్క. ఆమె పని ఇలా నడుస్తుంది: రైతు నంబరు కొడుతుంది, చిన్న గిన్నెలో శాంపిల్ తీసి ఎనలైజర్ (పాల నాణ్యత కొలిచే యంత్రం) గొట్టం కింద పెడుతుంది, ఈలోగా పాలు కాటా మీదికి ఎక్కుతాయి, బరువు కొడుతుంది, ఎనలైజర్ చూపిన ఫ్యాట్ (కొవ్వు), ఎస్‌ఎన్‌ఎఫ్ (కొవ్వు కాక పాలలో ఉండే మిగతా ఘనపదార్థం) కొడుతుంది, సేవ్, స్లిప్పు. వెంటనే తర్వాతి మనిషి.

నేను గమనించింది ఒకటే. ఆమె ఫోన్‌ను చూడటం లేదు. చూపు కాటా మీద, చెవి రైతు మాట మీద, వేలు ఫోన్ మీద. ఎడమచేతిలో శాంపిల్ గిన్నె. వేళ్లకు పాలతడి. ఇంతకాలం నేను స్క్రీన్లను కంటికోసం గీస్తున్నాననుకున్నాను. ఇక్కడ యాప్‌ను వాడుతున్నది కన్ను కాదు, బొటనవేలు.

"అక్కా, ఈ బటన్ మీద ఏం రాసుండాదో చెప్పగలవా?" అని ఫోన్ మూసి అడిగాను. ఆమె కాసేపు ఆలోచించింది. "ఏముండాదో నాకెట్ల తెలుస్తాది నాయనా, ఆడ కొడితే స్లిప్పు వస్తాది, అంతే" అంది.

నవంబర్ 7

ఆఫీసు నుంచి తప్పుడు ఎంట్రీల జాబితా తెప్పించాను. ఒక రైతు పాలు ఇంకో రైతు ఖాతాలో పడినవి. రైతు స్లిప్పులో డబ్బు అంకె చూసుకుంటాడు, పైన ఉన్న తన నంబరు చూసుకోడు, అందుకే అప్పటికప్పుడు దొరకవు. పక్షం బిల్లు వచ్చినప్పుడు గొడవ. అక్క ఊరివే ఐదు ఉన్నాయి:

12 బదులు 78. 23 బదులు 89. 38 బదులు 92. 61 బదులు 67. 17 బదులు 71.

చివరిది చూసి మొదట అంకెలు తారుమారు కొడుతున్నారేమో అనుకున్నాను. మిగతా నాలుగు ఆ లెక్కకు లొంగలేదు. 12కూ 78కీ ఏం చుట్టరికం? టీ తాగి వచ్చి మళ్లీ చూశాను. 1 ఉన్నచోట 7, 2 ఉన్నచోట 8, 3 ఉన్నచోట 9. 38లో 3 పోయి 9, 8 పోయి 2. 61లో 6 కదల్లేదు, 1 మాత్రం 7 అయింది. 17లో రెండు అంకెలూ మారాయి, అందుకే తిరగేసినట్టు కనిపించింది. జాబితా అంతా మళ్లీ వెతికాను. 45, 54, 56, 64 నంబర్ల రైతుల పాలు ఒక్కసారి కూడా తప్పిపోలేదు.

గోడ దగ్గరికి వెళ్లి రెండు ప్రింట్లు పక్కపక్కన పెట్టాను. రైతు నంబరు స్క్రీన్‌లో వచ్చేది ఫోన్ సొంత కీప్యాడ్, అందులో 1-2-3 పైవరస. బరువు స్క్రీన్‌లో ఉన్నది యాప్ గీసిన కీప్యాడ్, అందులో 7-8-9 పైవరస, క్యాలిక్యులేటర్ లాగా. మధ్య వరస 4-5-6 రెండింట్లోనూ ఒకటే. బరువు కొట్టిన చెయ్యి అదే ఊపులో తర్వాతి రైతు నంబరు కొడుతుంది. క్యాలిక్యులేటర్‌లో 1 ఉండే చోట ఫోన్ కీప్యాడ్‌లో ఉన్నది 7.

అక్క తప్పు కొట్టలేదు. ఆమె వేలు సరిగ్గా వెళ్లాల్సిన చోటికే వెళ్లింది, కింద అంకె మారింది.

నాకంటే ముందు ఈ కోడ్ రాసినాయన మీద నాకు కోపం లేదు. తడివేళ్లకు ఫోన్ కీప్యాడ్ చిన్నదైపోతోందని గమనించే ఆయన పెద్ద మీటలతో సొంత కీప్యాడ్ గీశాడు. అది మంచి ఆలోచన. దాన్ని ఒక్క స్క్రీన్‌కే పెట్టి వదిలేయడం దగ్గర తేడా వచ్చింది.

సాయంత్రం అక్కకు ఫోన్ చేసి చెప్పాను. కాసేపు మాట లేదు. "మూణ్ణెల్లుగా మా ఆయనతో కూడా తిట్లు తింటా ఉండా తమ్ముడూ, నాకు కండ్లు పోతా ఉండాయని కంటాసుపత్రికి గూడా పోయొచ్చినా" అంది.

నవంబర్ 10

రెండు కీప్యాడ్లలో ఏది ఉంచాలి? రెండు రోజులు దీనితోనే సరిపోయింది.

ఫోన్‌కూ క్యాలిక్యులేటర్‌కూ ఈ తేడా పాతది. లెక్కల యంత్రాల్లో చిన్న అంకెలు కిందే ఉండేవి, క్యాలిక్యులేటర్లు ఆ వరసే తీసుకున్నాయి. మీటల ఫోన్ తయారుచేసేటప్పుడు అమెరికాలో టెలిఫోన్ పరిశోధనలు చేసే బెల్ ల్యాబ్స్ వాళ్లు రకరకాల అమరికలు మనుషుల చేత నొక్కించి చూశారు, ఆ ఫలితాలు 1960లో వచ్చాయి. వాటిలో చాలా అమరికల మధ్య పెద్ద తేడా తేలలేదు. 1963లో జనం చేతికి వచ్చిన ఫోన్‌లో 1-2-3 పైన ఉంది. అప్పటినుంచి రెండూ అలాగే నిలిచిపోయాయి. విడివిడిగా చూస్తే ఏ వరసా చెడ్డది కాదు. ఒకే చేతికి నిమిషంలో రెండూ తగలడమే చెడు.

అక్క క్యాలిక్యులేటర్ వరసే కావాలంది. ఇరవై ఏళ్లుగా ఆమె బల్ల మీద క్యాలిక్యులేటర్ ఉంది. కానీ మిగతా కేంద్రాల్లో కుర్ర సెక్రటరీల బల్ల మీద క్యాలిక్యులేటరే లేదు, వాళ్లు కూడినా తీసినా ఫోన్‌లోనే. అదీగాక ఫోన్ నంబరు కొట్టడం, డబ్బులు పంపేటప్పుడు పిన్ కొట్టడం, ఇవన్నీ అక్కకైనా 1-2-3 పైన ఉన్న వరసలోనే. మా యాప్ ఉండేది ఆ ఫోన్‌లోనే. నా 41 స్క్రీన్లు ఒకదానికొకటి కలిస్తే చాలదు, ఆ ఫోన్‌లో ఆమె రోజంతా వాడే వాటితో కలవాలి.

1-2-3 పైన పెట్టాను. పెద్ద మీటల కీప్యాడ్‌నే అంకెలు కొట్టే ప్రతి స్క్రీన్‌కూ ఇచ్చాను. ఆండ్రాయిడ్ మార్గదర్శకాలు వేలు తాకే చోటు కనీసం 48 డీపీ (స్క్రీన్ మీద సైజు కొలిచే యూనిట్) ఉండాలంటాయి, అంటే సుమారు 9 మిల్లీమీటర్లు. తడివేళ్ల కోసం 64కు పెంచాను. రైతు నంబరు కొట్టగానే పేరు పైన సన్నగా కాకుండా స్క్రీన్ సగం మేర పెద్దక్షరాల్లో వస్తుంది. వరసలో నిల్చున్న రైతే చదువుకుని "అది నా పేరు కాదక్కా" అనగలడు.

దశాంశ చుక్క సంగతి కూడా ఇవాళే తేల్చాను. ఫ్యాట్ దగ్గర 42 కొడితే యాప్ తానే 4.2 చేసుకునేది. ఎస్‌ఎన్‌ఎఫ్ దగ్గర చుక్క మనమే పెట్టాలి, లేకపోతే 'చెల్లని విలువ' అని ఎర్రగా వచ్చేది. ఆవుపాలకు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) ప్రమాణం ఫ్యాట్ కనీసం 3.2 శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ 8.3 శాతం. రెండింటికీ చుక్కకు ముందు ఒకే అంకె. కాబట్టి రెండు చోట్లా చుక్క దానంతట అదే పడుతుంది.

నవంబర్ 13

మాటల పని. కోడ్ కంటే కష్టమైంది ఇదే.

'రద్దు' అనే ఒక్క మాట యాప్‌లో రెండు ఉద్యోగాలు చేస్తోంది. ఎంట్రీని తీసేయడమూ రద్దే, ఏమీ చేయకుండా వెనక్కి రావడమూ రద్దే. దానివల్ల ఒక పెట్టె ఇలా తయారైంది: "ఈ ఎంట్రీ రద్దు చేయాలా?" కింద రెండు బటన్లు, 'సరే', 'రద్దు'. రద్దు చేయాలనుకున్న మనిషి ఏది నొక్కాలి? రద్దు నొక్కితే రద్దు కాదు. ఈ ప్రశ్న నలుగురు సెక్రటరీలను అడిగాను, ఇద్దరు ఒకలా, ఇద్దరు ఇంకోలా చెప్పారు.

'దాచు' ఇంకా విచిత్రం. మన ఇళ్లలో డబ్బు దాచుకోవడం అంటే జాగ్రత్త చేయడం. మాట దాచడం అంటే కనపడనీయకపోవడం. రైతు వివరాల కింద 'దాచు' చూసి, ఆ రైతు జాబితాలోంచి మాయమైపోతాడని ఒక కేంద్రంలో ఏడాదిగా ఆ బటన్ ముట్టుకోలేదట. కొత్త ఫోన్ నంబర్లన్నీ నోటుబుక్కులోనే ఉన్నాయి.

మర్యాద సంగతి కూడా చూడాలి. ఒక స్క్రీన్ 'నొక్కండి' అంటుంది, ఇంకోటి 'నొక్కు' అంటుంది, మరోటి 'నొక్కవలెను'. యాప్ మనిషితో మాట్లాడే ప్రతిచోటా 'అండి' ఉండాలని నిర్ణయించాను. మా అమ్మ వయసు వాళ్లు వాడే యాప్ వాళ్లను ఏకవచనంతో పిలవకూడదు. బటన్ల మీద మాత్రం 'అండి' వద్దు. అక్కడ మాట్లాడేది యాప్ కాదు, నొక్కే మనిషి. అక్కడ పని పేరొక్కటే చాలు.

చివరికి ఖాయం చేసినవి: నిలబెట్టడానికి 'సేవ్', ఎందుకంటే కేంద్రాల్లో అందరి నోటా ఉన్న మాట అదే. 'భద్రపరచు' అందమైన మాటే, కానీ పాలకేంద్రంలో అది ఒక్కరి నోటా వినలేదు. తీసేయడానికి 'తీసేయి'. వెనక్కి రావడానికి 'వద్దు'. పెట్టె ఇప్పుడు "12వ నంబరు రైతు పొద్దుటి ఎంట్రీ తీసేయాలా?" అని అడుగుతుంది, కింద 'వద్దు', 'తీసేయి'. 'రద్దు' అన్న మాటను యాప్ మొత్తం నుంచి తొలగించాను. పూటకు ఏఎం, పీఎం బదులు 'పొద్దున', 'సాయంత్రం', రైతుల కార్డు మీద అచ్చయింది అదే.

మాటలన్నీ ఒకే ఫైల్లోకి చేర్చాను. ఇకమీదట ఎవరైనా కొత్త స్క్రీన్ రాస్తే మాట అక్కడినుంచే తీసుకోవాలి.

నవంబర్ 14

కొలతలు. ఎంట్రీ స్క్రీన్‌లో కిలోలు, బిల్లులో లీటర్లు. లీటరు పాలు సుమారు 1.03 కిలోలు, కాబట్టి నూట మూడు కిలోలు పోసిన రైతుకు బిల్లులో వంద కనిపిస్తుంది. "మూడు యాడికి పోయె?" అనే అనుమానం ప్రతి పక్షం. లెక్క సరైనదే, చూపించే తీరు సరికాదు. ఇప్పుడు స్లిప్పులోనూ బిల్లులోనూ రెండూ ఒకే వరసలో వస్తాయి: ముందు కిలోలు, పక్కన లీటర్లు.

నవంబర్ 19

బటన్లన్నీ ఒకే అచ్చులోకి వచ్చాయి. ప్రతి స్క్రీన్‌లో ముఖ్యమైన పని కింద కుడిమూల, ఒకే ఆకుపచ్చ. 'వద్దు' దాని ఎడమపక్క. విండోస్‌లో ఓకే ఎడమన, క్యాన్సిల్ కుడిన ఉంటాయి, మ్యాక్‌లో దానికి ఎదురు, ఆండ్రాయిడ్‌లో ఒప్పుకునే బటన్ కుడివైపు. మనది ఆండ్రాయిడ్, అదే పాటించాను. మూడు కేంద్రాలకు ఇచ్చాను.

నవంబర్ 22

రెండు రోజులుగా వాన. అక్క ఊరి నుంచి ఇప్పటిదాకా తప్పు నంబరు ఒక్కటీ రాలేదు. మొదటి మూడు రోజులు బరువు కొట్టేటప్పుడు వేలు పాతచోటికే పోయిందట, ఇప్పుడు అలవాటైందంది.

నవంబర్ 28

ఇవాళ జరిగింది పూర్తిగా నా వల్లే, అందుకే వివరంగా రాస్తున్నాను.

రెండో కేంద్రంలో సాయంత్రం పాలు పడుతుండగా ఒక రైతు "ఇప్పటిదాకా నాదెంతయిందక్కా?" అని అడిగాడు. సెక్రటరీ పక్షం బిల్లు తెరిచి అంకె చెప్పింది. తర్వాతి క్యాన్ కాటా మీదుంది. చెయ్యి అలవాటుగా కింద కుడిమూల నొక్కింది. పెట్టె వచ్చింది, మళ్లీ అదే మూల నొక్కింది. పక్షం బిల్లు మూతపడింది, రెండు రోజుల ముందే. ఈ పూట, రేపు, ఎల్లుండి పోసే పాలన్నీ తర్వాతి పక్షానికి పోతాయి. ఆ ఊళ్లో అందరికీ ఈసారి డబ్బు తక్కువ పడుతుంది.

పాత యాప్‌లో 'పక్షం మూసివేత' బటన్ స్క్రీన్ నెత్తిన, ఇంకెక్కడా లేని ఇటుకరంగులో, వేలుకు అందనట్టు ఉండేది. గోడ మీద ప్రింట్లలో అది నాకు కంట్లో నలుసులా కనిపించింది. అన్నిటితోపాటు దాన్నీ కిందికి దించి, ఆకుపచ్చ చేసి, 'సరిచేశాను'. ఆ ఎడం ఒక కాపలా అని నాకు తట్టలేదు. పక్షానికి ఒక్కసారి చేసే, వెనక్కి తీసుకోలేని పనిని, పూటకు డెబ్బై సార్లు నొక్కే మూలలో పెట్టాను.

రాత్రి పదకొండు దాకా ఆఫీసువాళ్లతో ఫోన్‌లో ఉండి డేటాబేస్‌లో బిల్లు మళ్లీ తెరిచాము. ఎవరికీ డబ్బు తగ్గదు. ఆ సెక్రటరీకి ఫోన్ చేసి తప్పు నాదని చెప్పాను.

డిసెంబర్ 3

1989లో జొనాథన్ గ్రూడిన్ అనే పరిశోధకుడు 'కమ్యూనికేషన్స్ ఆఫ్ ది ఏసీఎం' పత్రికలో ఏకరూపతకు ఎదురుగానే వాదించాడు. స్క్రీన్లు ఒకదాన్నొకటి పోలి ఉండటం మీద కాదు, మనిషి చేసే పని మీద చూపు ఉండాలన్నది ఆయన మాటల సారం. అది నేను ఎప్పుడో చదివాను, అప్పుడు తల ఊపాను కూడా. బిల్లు మూతపడిన శుక్రవారం రాత్రి అది అర్థమైంది. మా అమ్మ కత్తిపీట వంటింట్లో పెడుతుంది, కొడవలి పశువుల కొట్టంలో చూరుకు గుచ్చుతుంది. రెండూ కోసేవే కదా అని ఒకచోట పెట్టదు.

మార్పులు: బిల్లు చూసే స్క్రీన్‌లో కింద కుడిమూల ఖాళీ. అక్కడ ఎంత నొక్కినా ఏమీ కాదు. మూసివేత వేరే స్క్రీన్, పక్షం చివరి రోజు సాయంత్రమే తెరుచుకుంటుంది. అక్కడ ఆ రోజు తేదీ అంకె కొట్టాలి, 15 అనో 30 అనో, అప్పుడే బటన్ కదులుతుంది. బటన్ మళ్లీ నెత్తిన, ఇటుకరంగులో. ఇటుకరంగు యాప్‌లో ఇంకెక్కడా రాదు. 'తీసేయి'ని కూడా కుడిమూల నుంచి ఎడమకు మార్చాను. వెనక్కి తిరగని పనులు మాత్రం చేతికి కొత్తగా తగలాలి.

డిసెంబర్ 9

తమిళం కావాలన్నారు. గుడిపాల వైపు కేంద్రాల్లో తమిళం చదివేవాళ్లే ఎక్కువ. తెలుగు మాటకంటే తమిళ మాట పొడుగైతే బటన్ పక్కకు జరపాలా అని ఆఫీసులో అడిగారు. జరపకూడదన్నాను.

దీనికి నాకు నచ్చిన నమూనా మన దేశంలోనే ఉంది. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు, భారతీయ లిపులకు ఒకే అమరిక ఉన్నది, 1991లో భారతీయ ప్రమాణంలో చేరింది. అందులో ఇంగ్లిష్ కె మీట నొక్కితే తెలుగులో క, హిందీలో क, తమిళంలోనూ అదే ధ్వని. ఏ లిపికి మారినా ధ్వని ఉన్న చోటు మారదు. తెలుగు కొట్టడం వచ్చిన చేతికి కన్నడం సగం వచ్చేసినట్టే. చిత్తూరు లాంటి మూడు భాషల కూడలిలో దాని విలువ బాగా తెలుస్తుంది. మా యాప్‌లోనూ భాష మారుతుంది, చోటు మారదు. మాట పొడుగైతే అక్షరం సైజు తగ్గదు, రెండో వరసకు వస్తుంది. బటన్ ఎత్తు మొదటే రెండు వరసలకు సరిపడా పెంచాను.

డిసెంబర్ 13

దాణా అమ్మకాల స్క్రీన్ కొత్తగా అడిగారు. రైతు దాణా బస్తా అప్పుగా తీసుకుంటే పాలబిల్లులో పట్టుకోవాలి. ఉన్న ముక్కలతోనే కట్టాను కాబట్టి ఒకటిన్నర రోజులో అయింది. రైతు నంబరు, అదే కీప్యాడ్, పెద్ద పేరు, బస్తాల లెక్క, కుడిమూల సేవ్.

అక్క ఊరికి తీసుకెళ్లాను. ఎలా వాడాలో చెబుదామని పక్కన నిల్చున్నాను. ఒక రైతు బస్తా భుజాన వేసుకుంటూ ఆమెతో కూతురి కాన్పు సంగతి చెబుతున్నాడు. ఆమె అతని ముఖమే చూస్తూ "మగబిడ్డా, ఆడబిడ్డా?" అని అడుగుతూ ఎంట్రీ కొట్టేసింది. స్లిప్పు వచ్చింది, చించి ఇచ్చింది. నంబరు చూశాను, సరిగ్గా ఉంది.

"అక్కా, ఇది కొత్త స్క్రీన్" అన్నాను.

"ఏది కొత్తది?" అంది.

రేపు గుడిపాల పోవాలి. సేవ్‌ను అక్కడి సెక్రటరీలు నోటితో ఏమంటారో విని, తమిళం మాటల ఫైలు మొదలుపెట్టాలి.